కర్నూలు బండికి హైదరాబాద్ బండి కంటే ఇన్సూరెన్స్ ఎందుకు ఎక్కువ వచ్చింది?

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదే కదా. నువ్వు కర్నూలులో, మీ బావ హైదరాబాద్‌లో. ఇద్దరూ దాదాపు మూడేళ్ల కిందట ఒకే నెలలో ఒకే మోడల్ 1197 సీసీ పెట్రోల్ కారు కొన్నారు. ఈ రెన్యువల్‌కు నీకు 13,068 రూపాయలు వచ్చింది, ఆయనకు 9,470. "అంత ట్రాఫిక్‌లో నలిగే బండికి తక్కువ, మా ఊర్లో ఖాళీ రోడ్ల మీద తిరిగే బండికి ఎక్కువా, ఇదేం లెక్కన్నా" అన్నావు. పైగా ఎవరో "బావ అడ్రస్ పెట్టేసెయ్, తగ్గిపోతుంది" అని చెప్పారట, అది పనికొస్తుందా అని కూడా అడిగావు. రెండు పాలసీల వివరాలూ పెట్టావు కాబట్టి ఊహించి చెప్పే పని తప్పింది.

నేను ఇరవై రెండేళ్లుగా మోటార్ క్లెయిములు చూసే సర్వేయర్‌ని. కర్నూలు, నంద్యాల, డోన్, గుత్తి, అనంతపురం, పిలిస్తే కడప కూడా. గుద్దుకున్న బండి దగ్గరికి వెళ్లి ఏది మార్చాలి, ఏది సరిచేస్తే సరిపోతుంది, కంపెనీ ఎంత ఇవ్వాలి అని రాసే పని. పాలసీలు అమ్మను, కాబట్టి నీకు ఏ కంపెనీనీ అంటగట్టే అవసరం నాకు లేదు. రేట్లు పెట్టేది కూడా నేను కాదు, కానీ ఆ రేట్లు ఎందుకు అట్లా ఉంటాయో తెలిసేంత తుక్కు చూశాను.

ముందే చెప్పేస్తా. ఆ 3,598 రూపాయల తేడాలో ఊరి వాటా నువ్వు అనుకున్నంత లేదు. అసలు పాత రేటు పట్టిక ప్రకారమైతే కర్నూలుకే తక్కువ పడాలి. మిగతాదంతా నువ్వు చేసుకున్నది కొంత, బావ చేసుకున్నది కొంత, కంపెనీ చేసింది కొంత.

నీ బిల్లులో రెండు ముక్కలు ఉన్నాయి చూడు. ఒకటి థర్డ్ పార్టీ, అంటే నీ బండి వల్ల ఎదుటివాడికి జరిగే నష్టానికి. మోటారు వాహనాల చట్టం ప్రకారం ఇది లేకుండా బండి రోడ్డెక్కకూడదు. దీని రేటు కంపెనీ ఇష్టం కాదు, కేంద్ర రోడ్డు రవాణా శాఖ ప్రకటిస్తుంది. 2022 జూన్ 1 నుంచి సొంత కార్లకు 1000 సీసీ దాకా 2,094, ఆపైన 1500 దాకా 3,416, అది దాటితే 7,897 రూపాయలు. ఇందులో ఊరి ప్రస్తావనే లేదు. ముంబైలో మెరీన్ డ్రైవ్ మీద తిరిగినా, ఆలూరులో పొలం గట్టు మీద తిరిగినా 1197 సీసీకి అదే 3,416. నీకూ మీ బావకూ ఈ ముక్క రూపాయి తేడా లేకుండా ఒకటే.

ఇంకో సంగతి కూడా ఇక్కడే. 2018 సెప్టెంబర్ నుంచి కొన్న కొత్త కారుకు థర్డ్ పార్టీ మూడేళ్లకు ఒకేసారి కట్టించుకుంటారు. నీకు ఆ మూడేళ్లూ ఇప్పుడు అయిపోతున్నాయి, అందుకే పోయిన రెండేళ్లు కనిపించని 3,416 ఈసారి బిల్లులోకి వచ్చింది. "ఒక్కసారిగా ఇంత పెంచారేంది" అని నాకు వచ్చే ఫోన్లలో సగం ఈ మూడో రెన్యువల్‌వే. పెంచిందేమీ లేదు, ముందే కట్టేసినది అయిపోయింది, అంతే.

రెండో ముక్క ఓడీ, అంటే సొంత బండి డ్యామేజీ. ఊరి గొడవంతా ఇందులోనే. 2002లో వచ్చిన టారిఫ్ పుస్తకంలో సొంత కార్లకు దేశాన్ని రెండు జోన్లు చేశారు. అహ్మదాబాద్, బెంగళూరు, చెన్నై, హైదరాబాద్, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ, పుణె, ఈ ఎనిమిదీ జోన్ ఏ. మిగతా దేశమంతా జోన్ బీ. అంటే రాష్ట్రం విడిపోయాక ఆంధ్రప్రదేశ్‌లో జోన్ ఏ ఊరు ఒక్కటి కూడా మిగలలేదు, విజయవాడ అయినా విశాఖ అయినా మన కోడుమూరు పక్కనే నిలబడాలి. ఐదేళ్ల లోపు, 1000 నుంచి 1500 సీసీ మధ్య కారుకు జోన్ ఏలో ఐడీవీ మీద 3.283 శాతం, జోన్ బీలో 3.191 శాతం. ఐడీవీ అంటే బండి మొత్తం పోతే కంపెనీ ఇచ్చే విలువ. ఆరు లక్షల బండికి లెక్క కడితే హైదరాబాద్‌కు 19,698, కర్నూలుకు 19,146. తేడా 552 రూపాయలు, అదీ డిస్కౌంట్లు తీయకముందు. పట్టిక ప్రకారం ఊరికి ఉన్న ధర ఇంతే.

మరి 2007 జనవరి 1 నుంచి ఏమైందంటే, ఓడీ రేట్లు ఆ పుస్తకం ప్రకారమే ఉండాలనే నియమం పోయింది. ఎవరి రేటు వాళ్లు పెట్టుకోవచ్చు. అప్పటికి నేను ఈ పనిలోకి వచ్చి కొన్నేళ్లే, ఆ సంవత్సరం ఏజెంట్ల ముఖాలు నాకు ఇంకా గుర్తు. నిన్నటిదాకా అందరి దగ్గరా ఒకే రేటు, తెల్లారేసరికి వీడు ముప్పై శాతం తగ్గిస్తా అంటే వాడు నలభై అన్నాడు. కానీ ఆ పాత పట్టికను చాలా కంపెనీలు పారేయలేదు, దాన్నే ఎమ్మార్పీ లాగా పెట్టుకుని దాని మీద డిస్కౌంట్ ఇస్తున్నాయి. ఇప్పుడు నీ ఊరు నీ జేబును తాకేది ఆ డిస్కౌంట్‌లో. జోన్ పేరుతో పోయేది టీ ఖర్చు.

ఇప్పుడు నీ లెక్క విప్పుదాం, యాడ్ ఆన్లు, అంటే పాలసీ మీద విడిగా కొనుక్కునే అదనపు కవర్లు, పక్కన పెట్టి. నీది: ఐడీవీ 6,00,000, కంపెనీ డిస్కౌంట్ 50 శాతం, నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ఓడీలో ఇచ్చే తగ్గింపు, 20 శాతం. బావది: ఐడీవీ 5,40,000, డిస్కౌంట్ 60, బోనస్ 35. చూశావా, ఒకే మోడల్ అన్నమాటే గానీ రెండు పాలసీల్లో ఒక్క గీత కూడా కలవలేదు.

నీ 13,068ని ఒక్కో మెట్టు దింపుకుంటూ పోతే ఇట్లా వస్తుంది. బావ లాగా నువ్వు కూడా ఐడీవీ 5,40,000 పెట్టుకుని ఉంటే 904 రూపాయలు తగ్గేది. దాని మీద బోనస్ 35 ఉండి ఉంటే ఇంకో 1,525. దాని మీద డిస్కౌంట్ 60 ఇచ్చి ఉంటే ఇంకో 1,322. అక్కడికి 9,317 దగ్గర తేలుతావు, మీ బావ కంటే 152 తక్కువకు. అప్పుడు నిన్ను తీసుకెళ్లి హైదరాబాద్ జోన్‌లో పడేస్తే ఆ 152 పెరిగి 9,470కి చేరతావు. పద్దెనిమిది శాతం జీఎస్టీ అన్నిట్లోనూ కలిపే చెబుతున్నా, రూపాయి అటూ ఇటూ. ఇంకోలా చెప్పాలంటే, నీ పాలసీలో ఏమీ మార్చకుండా ఉత్త జోన్ మాత్రం హైదరాబాద్‌ది చేస్తే నీకు 260 పెరుగుతుంది. "బావ అడ్రస్ పెట్టెయ్" అన్నవాళ్లకు ఈ లెక్క చూపించు.

ఆ బోనస్ దగ్గర కొంచెం ఆగుదాం, ఎందుకంటే అన్నిట్లోకి పెద్ద ముక్క అదే. క్లెయిమ్ లేకుంటే మొదటి రెన్యువల్‌కు 20, రెండోదానికి 25, మూడోదానికి 35, ఆ తర్వాత 45, చివరికి 50. ఇది నీకు మూడో రెన్యువల్, బావకు 35 ఉంది, నీకు 20 ఉంది. అంటే కొన్న రెండో ఏడాదిలో నువ్వు ఒక క్లెయిమ్ చేశావు, అక్కడ బోనస్ సున్నా అయింది, మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కుతున్నావు. నువ్వు మాకు చెప్పలేదు గానీ పాలసీ చెప్పింది. ఏ ఆర్‌ఎస్ రోడ్డులోనో ఆటోవాడు బంపర్ గీరిపోయుంటాడు, షెడ్డువాడు "ఇన్సూరెన్స్ ఉంది కదన్నా, మనకేం పోతుంది" అనుంటాడు. ఎంతకు క్లెయిమ్ చేశావో నాకు తెలియదు, కానీ ప్లాస్టిక్ భాగాలకు సాదా పాలసీలో సగం తరుగు కోస్తారు, దాని మీద తప్పనిసరిగా నువ్వు పెట్టుకోవాల్సిన వెయ్యి, ఆ తర్వాత ఐదేళ్ల పాటు బోనస్‌లో పోయేది. ఐదారు వేల పనికి క్లెయిమ్ రాసుకునేవాళ్లను చూస్తే నాకే బాధ, నా ఫీజు నాకు వస్తున్నా సరే.

ఇక ఆ 1,322. ఇదే నీ అసలు ప్రశ్న, కర్నూలు ఆర్టీఓ బండికి 50 ఇచ్చినచోట హైదరాబాద్ బండికి 60 ఎందుకు ఇచ్చారు అని. మీ ఇద్దరివీ వేరే కంపెనీలు, కాబట్టి ఇదంతా ఊరి వల్లే అని నేను అనను. కానీ ఒకే కంపెనీలో కూడా ఈ తేడా ఉంటుంది, అది నిజం. ఒక్కో కంపెనీ తన దగ్గరున్న క్లెయిముల చరిత్ర ముందేసుకుని ఆర్టీఓలను గుంపులుగా చేసుకుంటుంది. ఫలానా మోడల్, ఫలానా ఇంధనం, ఇన్నేళ్ల వయసు, ఫలానా ఆర్టీఓల గుంపు, వందకు ఎంత వసూలైంది, ఎంత తిరిగి కట్టాం. కట్టింది ఎక్కువైన గుంపుకు డిస్కౌంట్ కోస్తారు. అందుకే ఒక కంపెనీకి కర్నూలు చేదు, ఇంకో కంపెనీకి తీపి. పోయినేడు 65 ఇచ్చిన కంపెనీయే ఈ ఏడు 45 అంటుంది, నువ్వు చేసిన తప్పేమీ లేకుండా.

"మా ఊర్లో ట్రాఫిక్ లేదు" అన్నావు కదా, అక్కడే ఉంది చిక్కు. హైదరాబాద్‌లో బళ్లు ఎక్కువ సార్లు తగులుకుంటాయి, నిజమే, కానీ తగిలేది ఇరవై ముప్పై స్పీడ్‌లో. తలుపు సొట్ట, లైటు పగులు. మన దగ్గర బండి ఊర్లో అసలు తిరగదు, తిరిగేదంతా 44వ నంబర్ హైవే మీద, ఇటు హైదరాబాద్‌కు, అటు బెంగళూరుకు. లేదంటే నంద్యాల మీదుగా కడపకు పోయే 40వ నంబర్. అక్కడ తగిలితే నూరు స్పీడ్‌లో తగులుతుంది, రేడియేటర్ ఇంజిన్ మీదికి వస్తుంది, ఎయిర్‌బ్యాగులు తెరుచుకుంటాయి, చాసిస్ వంగుతుంది. నేను రాసిన టోటల్ లాసుల్లో, అంటే బండి మొత్తం పోయిన కేసుల్లో, ఎక్కువ భాగం తెల్లవారుజాము రెండు నుంచి ఐదు మధ్య జరిగినవి. బేతంచెర్ల నాపరాళ్ల లోడుతో వెనక లైటు లేకుండా పక్కన ఆపిన లారీ, లేదా నిద్ర. పది సొట్టలకు అయ్యే ఖర్చు ఒక్క హైవే దెబ్బ తినేస్తుంది. బండి నీది కర్నూలుది అయినా దాని రిస్కు కర్నూలు వీధులది కాదు, హైవేది.

లోపలి రోడ్లు ఇంకో కథ. కోతల కాలంలో మనవాళ్లు కొర్ర, ఉలవ కట్టె తెచ్చి రోడ్డు మీద పరుస్తారు, బళ్లు తొక్కితే నూర్పిడి అయిపోతుందని. ఆ కట్టె బండి కిందకు చుట్టుకుని, సైలెన్సర్ వేడికి అంటుకున్న కేసు పత్తికొండ వైపు ఒకటి చూశాను, కారు మొత్తం పోయింది, లోపల ఉన్నవాళ్లు దిగిపోయారు కాబట్టి సరిపోయింది. ఇట్లాంటివి ఏ కంపెనీ పట్టికలోనూ విడిగా ఉండవు, కానీ అన్నీ కలిసి మన ఆర్టీఓ పేరు కిందికే చేరతాయి.

ఇంకో కారణం అంకెల తక్కువతనం. హైదరాబాద్‌లో ఒక కంపెనీకి లక్ష బళ్లుంటే, అందులో ఇరవై టోటల్ లాస్ అయినా లెక్క కదలదు. చిన్న ఆర్టీఓలో అదే కంపెనీకి వెయ్యి బళ్లే ఉండి నాలుగు పోతే ఆ ఏడాది ఆ ఊరు ఎర్ర గీత కిందికి పోతుంది. (ఈ అంకెలు ఉదాహరణకే, ఏ కంపెనీవీ కావు.) దానికి తోడు మన దగ్గర చాలామంది కారు ఐదేళ్లు దాటగానే ఓడీ మానేసి ఉత్త థర్డ్ పార్టీకి దిగిపోతారు. ఓడీ కట్టేది ఎవరంటే హైవే మీద ఎక్కువ తిరిగేవాళ్లు, ఒకసారి దెబ్బ తిన్నవాళ్లు. జాగ్రత్తగా నడిపేవాడు బయటికి పోయి, క్లెయిమ్ చేసేవాడు లోపల మిగిలితే ఆ గుంపుకు రేటు ఎట్లా తగ్గుతుంది?

రిపేరు ఖర్చు కూడా ఉంది. షెడ్డు కూలి మన దగ్గర తక్కువే, అది మనకు లాభం. కానీ కొన్ని బ్రాండ్లకు కంపెనీ వర్క్‌షాప్ ఊర్లో ఉండదు, బండిని లారీ మీద వేసుకుని అనంతపురమో హైదరాబాదో పోవాలి. నూట యాభై, రెండు వందల కిలోమీటర్లు. ప్రామాణిక పాలసీలో సొంత కారుకు టోయింగ్ కింద ఇచ్చేది 1,500 రూపాయలు, మిగతాది నీ జేబు, రోడ్ సైడ్ అసిస్టెన్స్ తీసుకోకపోతే. రేటు తక్కువని చూసి ఎగబడే ముందు ఆ కంపెనీకి కర్నూలులో క్యాష్‌లెస్ షెడ్డు, అంటే బిల్లు కంపెనీయే నేరుగా కట్టే షెడ్డు, ఏది అని అడుగు. నాలుగు వందలు మిగిలిందని సంబరపడి, బండి పడ్డ రోజు ఎనిమిది వేలు లారీవాడికి ఇచ్చినవాళ్లను నేనెరుగుదును.

దొంగతనాలు ఉత్తరాదిన, ముఖ్యంగా ఢిల్లీ చుట్టుపక్కల రేటును పెంచే పెద్ద కారణం, మన దగ్గర అది పెద్దగా లేదు, వదిలేద్దాం.

అడ్రస్ మార్చడం సంగతి. జోన్ దేన్ని బట్టి అంటే, బండి రిజిస్ట్రేషన్ చేసిన ఆఫీసును బట్టి. నువ్వు ఎక్కడ పడుకుంటావు, బండి ఎక్కడ నిలబెడతావు, పాలసీ కాగితం మీద ఏ ఇంటి నంబర్ ఉంది అనేవి కావు. కాబట్టి పాలసీలో బావ ఇంటి అడ్రస్ రాసినంత మాత్రాన జోన్ మారదు. నిజంగా మారాలంటే బండినే తెలంగాణకు మార్చాలి, ఇక్కడ ఎన్‌ఓసీ, అక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్. వేల రూపాయలు పోసి 260 ఎక్కువ కట్టుకోవడానికి అంత కష్టం దేనికి. ఇక ఆన్‌లైన్ ఫారంలో ఆర్టీఓ తప్పుగా ఎంచుకుని డిస్కౌంట్ లాగుదాం అనుకుంటే, క్లెయిమ్ రోజు నా లాంటివాడు మొదట అడిగేది ఆర్సీయే. అక్కడ ఒక ఊరు, ఇక్కడ ఒక ఊరు కనిపిస్తే నా రిపోర్టులో రాయక తప్పదు. ఇన్సూరెన్స్ నడిచేది నువ్వు చెప్పినది నిజం అనే నమ్మకం మీద, అది పోతే పాలసీ మీద పెట్టిన మొత్తం డబ్బు ప్రశ్నలో పడుతుంది.

మోసం చేద్దామని కాకుండా తెలియక తప్పు పడేవాళ్లూ ఉన్నారు, దానికి మన రాష్ట్రంలో ఒక ప్రత్యేక కారణం ఉంది. ఇంతకు ముందు నంబర్ ప్లేట్ చూస్తే జిల్లా తెలిసేది, 21 అంటే కర్నూలు, 02 అంటే అనంతపురం, 04 అంటే కడప. 2019 నుంచి రాష్ట్రమంతా ఏపీ 39 వచ్చింది, తర్వాత 40. ఇప్పుడు ప్లేట్ చూసి బండి ఇచ్ఛాపురందో హిందూపురందో చెప్పలేం. ఏజెంట్ తొందరలో జాబితాలో మొదట కనిపించిన ఊరు నొక్కేస్తాడు. నీ పాలసీ తీసి రిజిస్టరింగ్ అథారిటీ అన్న చోట ఆర్సీలో ఉన్నదే ఉందో లేదో చూసుకో. తప్పుంటే ఎండార్స్‌మెంట్, అంటే పాలసీలో సవరణ, పెట్టించు, చిన్న పని.

అనంతపురం, హిందూపురం వాళ్లకు మాత్రం ఊరి సంగతి తిరగబడి ఉంటుంది. అక్కడ బెంగళూరు సెకండ్ హ్యాండ్ బళ్లు ఎక్కువ. కేఏ 01 నుంచి 05 లాంటి బెంగళూరు నంబర్ బండి లేపాక్షిలో చింతచెట్టు కింద నిలబడి ఉన్నా దానికి జోన్ ఏ రేటే. అదే కేఏ 34 బళ్లారి బండి అయితే జోన్ బీ. రేటు సంగతి అటుంచు, ఈ బళ్లతో అసలు ప్రమాదం వేరే ఉంది. బండి కొన్నాక పద్నాలుగు రోజుల్లోగా ఇన్సూరెన్స్ తన పేరుకు మార్పించుకోవడానికి కొత్త యజమాని దరఖాస్తు పెట్టాలి. చాలామంది "పాలసీ ఇంకా ఎనిమిది నెలలు ఉంది కదా" అని పాత ఓనర్ పేరు మీదే తిప్పుతుంటారు. గుత్తి దగ్గర ఒకాయన అట్లానే తిప్పి డివైడర్ ఎక్కించాడు. థర్డ్ పార్టీ వరకు చట్టమే బండితో పాటు మారినట్టు చూస్తుంది, కానీ ఓడీకి ఆ దయ లేదు. లక్షా డెబ్బై వేల ఎస్టిమేటు, వచ్చింది సున్నా. సర్వే చేసి వస్తుంటే ఆయన నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. ఇంకోటి, పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ బండితో రాదు, అది మనిషిది. "యాభై శాతం బోనస్ ఉన్న బండి" అని ఎవడైనా అమ్మితే నవ్వి ఊరుకో.

అడ్రస్ పిన్‌కోడ్ మారితే రేటు మారుతుందనే ఈ భయం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. అమెరికాలో ఉన్న మనవాళ్లు చెబుతుంటారు, వీధి దాటి పక్క జిప్ కోడ్‌కు మారితే ప్రీమియం మారిపోయిందని. అక్కడ నిజమే. అక్కడ ఎదుటివాడికి కట్టే లయబిలిటీ రేటు కూడా కంపెనీలే వేస్తాయి, బండి రాత్రి నిలబడే చోటు చూస్తాయి, ఆ ప్రాంతంలో ఆస్పత్రి ఖర్చులు, కోర్టు కేసులు, దొంగతనాలు అన్నీ అందులోకి వస్తాయి. నియమాలు కూడా రాష్ట్రానికొకటి, కాలిఫోర్నియాలో 1988లో జనం ఓటేసి తెచ్చుకున్న చట్టం ప్రకారం నడిపే తీరు, ఏడాదికి తిరిగే మైళ్లు, డ్రైవింగ్ అనుభవం ముందు చూడాలి, మిగతావి తర్వాత. మన దగ్గర ఆ పెద్ద ముక్కకు ఊరు లేకుండా చేశారు కాబట్టి వాళ్ల కథ మనకు అతకదు.

ఊరు నిజంగా పట్టించుకోవాల్సిన చోటు ఇంకోటి ఉంది, దాన్ని ఎవరూ అడగరు. వాన. "కరువు సీమలో వరదేంది" అనుకుంటారు. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు మీద పడ్డ రోజు నువ్వు చిన్నపిల్లవాడివై ఉంటావు. నీళ్లు తీసిన తర్వాత పాత ఊరి సందుల్లో బురదలో కూరుకున్న బళ్ల మధ్య వారాల తరబడి తిరిగాను. వరద నష్టం ఓడీ పాలసీలో ఉన్నదే, దానికి కర్నూలుకు వేరే రేటు లేదు. కానీ పాపం జనం ఏం చేశారంటే, నీళ్లు దిగగానే ఉండబట్టలేక తాళం తిప్పి చూశారు. సిలిండర్‌లో నీళ్లుంటే పిస్టన్ నీటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, ఇంజిన్ పోతుంది. అది వరద చేసిన నష్టం కాదు, స్టార్ట్ చేయడం వల్ల వచ్చిన నష్టం అని సాదా పాలసీలో కోసేస్తారు. సీట్లు, వైరింగ్, శుభ్రం చేసిన ఖర్చు ఇచ్చి, ఇంజిన్‌కు కోత పెట్టిన రిపోర్టులు నా చేతులతో నేనే రాశాను. ఒక పెద్దాయన ఏమీ అనకుండా ఆ తాళంచెవి నా టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత కూడా ఆగలేదు. 2020 నవంబర్‌లో కడపలో బుగ్గవంక పొంగింది, 2021 నవంబర్‌లో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట వైపు ఊళ్లు మునిగాయి, 2022 అక్టోబర్‌లో వాన కరువుకు పేరున్న అనంతపురంలోనే నడిమివంక కాలనీల్లోకి వచ్చింది. ఇట్లాంటి చోట ఇల్లుంటే ఇంజిన్ ప్రొటెక్ట్ అనే యాడ్ ఆన్ తీసుకో, కొన్ని వందల రూపాయల్లో వస్తుంది. నువ్వు హంద్రీ పక్కన ఉన్నావా, ఎత్తులో ఉన్నావా నాకు తెలియదు, నువ్వే చూసుకో. తీసుకున్నా సరే, మునిగిన బండికి తాళం పెట్టొద్దు. ముందు బ్యాటరీ వైరు తీసి, ఫోటో కొట్టి, కంపెనీకి ఫోన్ చెయ్.

ఇప్పుడు నీ రెన్యువల్‌కు వస్తే, ఐడీవీ మాత్రం తగ్గించకు. బావ 904 మిగుల్చుకున్నాడు గానీ బండి టోటల్ లాస్ అయితే అరవై వేలు తక్కువ వస్తుంది ఆయనకు. హైవే మీద తిరిగే బండికి అది చెడ్డ బేరం, ఆయనకు కూడా చెప్పు. నీ చేతిలో ఉన్నది డిస్కౌంట్. పాలసీ అయిపోవడానికి మూడు వారాల ముందే ఇంకో మూడు నాలుగు కంపెనీల్లో ఇదే 6,00,000 ఐడీవీ, ఇదే 20 శాతం బోనస్, ఇవే యాడ్ ఆన్లు పెట్టి కోట్ తీయించు, మొత్తం చూడకుండా ఓడీ గీత ఒక్కటే పోల్చు. కంపెనీ మారినా బోనస్ నీతో వస్తుంది. తర్వాత నీ పాత కంపెనీవాళ్లకే ఆ కోట్ చూపించు, చాలాసార్లు దిగుతారు. పాలసీ తెగనివ్వకు, తెగితే బండి చూసుకోవాలంటారు, తొంభై రోజులు దాటితే ఆ ఉన్న 20 కూడా పోతుంది.

నువ్వు నెలకు ఐదారు వందల కిలోమీటర్లు కూడా తిరగని మనిషివైతే, 2022 జూలైలో ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ అనుమతించిన పే యాజ్ యూ డ్రైవ్ యాడ్ ఆన్ ఎవరిస్తున్నారో అడుగు. అందులో తిరిగిన కిలోమీటర్లను బట్టి ఓడీ తగ్గుతుంది, నీ ఆర్టీఓ గుంపులో ఎవడు ఎక్కడ గుద్దుకున్నాడనే దానికంటే నీ మీటరుకు ఎక్కువ విలువ. కానీ నెలకు నాలుగుసార్లు హైదరాబాద్ పోయి వచ్చేవాడివైతే దాని జోలికి పోకు, ఒక్క ట్రిప్పే రానూ పోనూ నాలుగు వందల ఇరవై అవుతుంది.

కొత్త కోట్లు వచ్చాక ఓడీ గీత, యాడ్ ఆన్ల పేర్లు ఇక్కడే పెట్టు. బండి నంబర్, ఫోన్ నంబర్ చెరిపేసి పెట్టు.